ఐసు పెట్టెలో పోయిన నెత్తురు

రిపోర్టు మా అక్క ఫోనులోకి వచ్చింది. అప్పుడు మేమంతా ఆళ్లగడ్డలో, బావ శిల్పాల షెడ్డులో ఉన్నాం. బావ నల్లరాతి నరసింహస్వామికి ఎదురుగా చెక్కపీట వేసుకుని కూర్చున్నాడు. విగ్రహం పూర్తయింది. స్వామి ఒళ్లో అమ్మవారు, ఆమె చేతిలోని తామర మొగ్గ, తల వెనుక మకరతోరణం, అన్నీ వచ్చేశాయి. స్వామి కళ్లు మాత్రం మిగిలాయి.

అక్కకు ఆ చిన్న అక్షరాలు కనపడక ఫోను నా చేతిలో పెట్టింది. నేను అద్దాలు సర్దుకుని చదివాను. రక్తం చిక్కదనం ఎంత ఉండాలో పక్కనే హద్దులు వేసి ఉన్నాయి. బావ అంకె ఆ హద్దుల మధ్యలో, కాస్త కిందివైపే బుద్ధిగా కూర్చుని ఉంది.

"నార్మలంట బావా," అన్నాను.

"నాదేనా అది? పేరు సరిగ్గా సూడు పేపరోడా. మీ పేపర్లో ఒకని ఫోటో కింద ఇంకొకని పేరు ఏసినట్ల ఏసింటారు."

"నీదే బావా. పేరుంది, ఊరుంది, ఇంటిపేరు కూడా తప్పు లేకుండా ఉంది."

"అయితే ఆ కండ్ల డాక్టరుకే కండ్లు సరిగ్గా లేవు. నెత్తురు చిక్కబడిందంట, నెత్తురు! మీ అక్క చేసే చారు తాగే మనిషికి నెత్తురు చిక్కబడేది యాడిది?"

షెడ్డులో పనివాళ్లు నవ్వారు. అక్క నవ్వలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, ఎదురుగా ఉన్న హోటలుకు మనిషిని పంపి ఉగ్గాణి, బజ్జీలు తెప్పించింది. రాతిపొడి పడకుండా పొట్లాల మీద చేతులు అడ్డం పెట్టుకుని అందరం తిన్నాం. బావ మిరపకాయ బజ్జీ కొరుకుతూ విగ్రహం వైపు చూసి, "సామీ, ఇంక నీ కండ్లే బాకీ," అన్నాడు.

ఆ రిపోర్టును నమ్మి మేము ఊరుకున్న కాలంలోనే మా బావ రెండో కన్ను పోయింది.

నేను నంద్యాలలో ఒక దినపత్రికలో చాలా ఏళ్లు పనిచేసి బయటికి వచ్చినవాణ్ణి. రాయడం, రాసినవాళ్లది దిద్దడం, రెండూ చేశాను. డెస్కు మీద 'నార్మల్' అన్నది వార్త కాదు. వాన పడకపోతే వార్త, ఎక్కువ పడితే వార్త. మామూలుగా పడితే దాన్ని ఎవరూ రెండోసారి చదవరు. ఆ రోజు షెడ్డులో మేము చదివిందీ అలాంటి మాటే. దాన్ని రెండోసారి చదవాలని మాలో ఎవరికీ తోచలేదు.

మా బావ తన చిన్నతనం నుంచీ రాయి చెక్కుతున్నాడు. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన వరుసగా ఉండే షెడ్లలో ఆయనది పాతది. కోత మిషన్లు వచ్చాక దిమ్మను పలకలు చేయడం, మోటుపని తీయడం మిషన్లకే పోయింది. బావ దాన్ని తప్పు పట్టలేదు. "భుజం మిగిలింది, సంతోషం," అనేవాడు. మొహం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మిషను ఆపించి ఉలి తీసుకునేవాడు. కళ్లు అన్నిటికంటే చివర. వాటిని చెక్కిన శిల్పే తెరవాలి. ముహూర్తం చూసుకుని, తలస్నానం చేసి, తెర అడ్డం కట్టించి, సన్నటి ఉలితో కనుపాప గీత లాగుతాడు. అంతవరకు అది రాయి. ఆ గీత పడ్డాక దాన్ని ఎవరూ రాయి అనరు. కాలు తగిలితే కళ్లకద్దుకుంటారు.

ఈ నరసింహస్వామి పాణ్యం దగ్గర ఒక ఊరి గుడికి. ఆ ఊరివాళ్లు పాత గుడిని విప్పి కొత్తది కట్టుకున్నారు. అహోబిలం నుంచి ఒక పండితుడు వచ్చి ప్రతిష్ఠకు ముహూర్తం పెట్టాడు. ఎండాకాలం చివర్లో, వానలు మొదలుకాకముందు. నరసింహుడి కళ్లు తక్కిన దేవుళ్ల కళ్లలా ఉండవు. గుండ్రంగా, ఉబ్బి ఉండాలి. కోపం కనపడాలి, ఒళ్లో ఉన్న అమ్మవారికి మాత్రం ఆ కోపం తగలకూడదు. "ఇది కత్తి మీద సాము," అనేవాడు బావ.

ఆ చలికాలం నుంచే ఆయనకు ఒంట్లో బాగాలేదు. ముక్కు నుంచి ఉన్నట్టుండి నెత్తురు కారేది. వేడి చేసిందని సబ్జా గింజలు నానబెట్టి తాగాడు. రాతిని నునుపు చేసేటప్పుడు పైన నీళ్లు పోస్తూ రుద్దుతారు. ఆ నీళ్లు తగిలితే బావ వేళ్ల కొనలు నీలంగా మారేవి. కాసేపు చంకల్లో పెట్టుకుని వెచ్చబరుచుకుని మళ్లీ పనిలో దిగేవాడు. రాతిపని చేసేవాళ్ల చేతులు ఎలాగూ మొద్దుబారతాయి కాబట్టి ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. అక్క మాత్రం నీళ్లు కాచి తెచ్చి బకెట్లో కలిపేది. "రాయికి స్నానం పోస్తాండాది మీ అక్క," అని బావ ఎగతాళి చేసేవాడు.

ఒక పొద్దున లేచేసరికి ఎడమ కంటి ముందు ఎర్రటి పొగ నిలబడింది. నంద్యాల తీసుకొచ్చి కంటి డాక్టరుకు చూపించాం. ఆయన చాలాసేపు చూశాడు. లోపలి నరాలు ఉబ్బి ఉన్నాయని, తాడుకు అక్కడక్కడా ముడులు వేసినట్టు ఉన్నాయని చెప్పాడు. రెండు కళ్లలోనూ అంతేనట. కాకపోతే ఎడమ కంట్లో నెత్తురు చిమ్మింది. "రక్తం మరీ చిక్కబడితే ఇట్లా అవుతుంది. ముందు అది కొలిపించండి. చిక్కదనం ఉంటే దానికి వైద్యం వేరే ఉంది, కుడి కన్నును కాపాడుకోవచ్చు," అన్నాడు. ఆయన చెప్పింది స్పష్టంగానే ఉంది. అప్పటి నుంచి మా అందరి మనసులో ఉన్నది ఒక్కటే, కుడి కన్ను.

రక్తం చిక్కదనం కొలిచే లాబు నంద్యాలలో నాకు ఎప్పటి నుంచో తెలుసు. మా అమ్మ మోకాలు వాచినప్పుడు అందులోంచి తీసిన నీటిని అక్కడికే పంపారు. అప్పుడు ఆ పరీక్షలు చేసే ఆమె మా కళ్ల ముందే ఆ నీటిచుక్కను సూది కొసన వేలాడదీసింది. మంచి నీరైతే పాకంలా తీగ సాగుతుందట. మా అమ్మది సాగలేదు, టప్పున పడింది. ఆ సంగతి నేను అప్పట్లో పేపరుకు చిన్న ముక్కగా రాశాను. నెత్తురు చిక్కదనానికి ఇంకో పద్ధతి ఉండేది. గడ్డ కట్టాక పైన తేలే పసుపు నీటిని తీసి, వెంట్రుకంత రంధ్రం ఉన్న గాజు గొట్టంలో పోసి, ఆ గొట్టాన్ని వెచ్చటి నీళ్ల తొట్టిలో నిలబెట్టేవాళ్లు. గొట్టం మీద రెండు గీతలు. పై గీత నుంచి కింది గీత దాకా దిగడానికి మంచినీళ్లకు ఎంతసేపు, ఈ నీటికి ఎంతసేపు అన్నదే లెక్క. ఆమె చేతిలో స్టాప్‌వాచీతో, గొట్టం మీది నుంచి చూపు తిప్పకుండా నిలబడేది. ఆ సమయంలో ఎవరైనా పలకరిస్తే రెండో చెయ్యి అడ్డంగా ఊపేది. ఈ పరీక్షకు పేషెంటు నంద్యాల రావలసిందే. ఆ తొట్టి పక్కనే కుర్చీలో కూర్చోబెట్టి నెత్తురు తీసేవాళ్లు.

తర్వాత యంత్రం వచ్చింది. దాని ప్రారంభానికి కూడా నేను వెళ్లాను. తెల్లటి పెట్టె. ముందు గూళ్లలో సీసాలు పెడితే ఒక సూది తనంతట తాను దిగి, ఒక్కొక్క దాంట్లోంచీ కాస్త పీల్చుకుని, లోపల ఒంటి వేడికి తెచ్చుకుని, సన్నటి దారి గుండా తోసి, ఎంత ఒత్తిడి పట్టిందో చూసి అంకె ఇస్తుంది. మధ్యలో తనను తాను కడుక్కుంటుంది. లాబు యజమాని డాక్టరు అందరికీ మైసూర్‌పాక్ పంచుతూ, "మనిషి రెప్ప వేస్తే లెక్క తప్పేది. ఇది రెప్ప వేయదు," అన్నాడు. ఆ మాటను నేను వార్తకు శీర్షికగా పెట్టుకున్నాను. ఆమె పక్కనే నిలబడి ఉంది. గాజు గొట్టాలు ఏం చేస్తారని అడిగితే, "యాడన్నా పెడతామన్నా, పారేసేకి మనసు రాదు," అంది. పని తేలికైనందుకు సంతోషంగానే కనపడింది.

యంత్రం వచ్చాక పేషెంటు నంద్యాల రానవసరం లేకపోయింది. ఆళ్లగడ్డ, సిరివెళ్ల, పాణ్యం, ఎక్కడికక్కడ మందుల షాపుల్లోనే నెత్తురు తీసి, పెట్టెలో సర్ది బస్సుకు ఇచ్చేవాళ్లు. వేడి సంగతి యంత్రమే చూసుకుంటుంది కదా అని తొట్టి పక్కన కూర్చోబెట్టే అలవాటు పోయింది. ఆ అలవాటు ఎందుకు ఉండేదో ఎవరూ అడగలేదు.

మా బావకు ఇది వరంలా తోచింది. ముహూర్తం దగ్గర పడుతోంది, ఒక కన్నుతో పని నెమ్మదిగా సాగుతోంది. నంద్యాల పోయి రావడమంటే ఒక పని రోజు పోయినట్టే. "ఈడనే తీస్తారంట గదా, ఇంక నంద్యాలకు ఎందుకు? మీ ఇంట్లో మంచినీళ్లు తాగేకా?" అన్నాడు నాతో. షెడ్డు నుంచి నడిచిపోయేంత దూరంలో ఉన్న మందుల షాపులో నెత్తురు ఇచ్చి వచ్చి మళ్లీ ఉలి పట్టుకున్నాడు. ఆ రోజు నేను ఊళ్లో లేను. జరిగింది అక్క చెప్పగా విన్నాను, ఒకసారి కాదు, ఎన్నోసార్లు.

మే నెల ఎండ. షాపు ముందు తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది. షాపాయన నెమ్మదస్తుడు, మా అక్కను పిన్నీ అని పిలిచే మనిషి. నెత్తురు తీసి, చీటీ అంటించి, ఐసు పెట్టెలో పెట్టాడు. ఆ పెట్టెలో అప్పటికే షుగరువి, కిడ్నీవి, థైరాయిడువి ఎన్నో సీసాలు ఉన్నాయి. అన్నిటికీ ఒకే పెట్టె, ఒకే ఐసు. పెట్టె అడుగున ఐసు కరిగి నీళ్లయి ఉండటం అక్క చూసింది.

"ఏమప్పా, ఈ ఎండకు ఇది నంద్యాల దాకా నిలుస్తాదా? బస్సులో మనుషులే ఉడికిపోతాండారు."

"నిలుస్తాదిలే పిన్నీ. రోజూ పంపేదే గదా."

"రోజూ పంపేది వేరేవాళ్లది. ఇది మా ఇంటాయనది. ఉండు."

ఎదురుగా సోడా షాపు. అక్క అక్కడికి పోయి, ఐసుగడ్డ పగలగొట్టించి, కవరు నిండా తెచ్చింది. బావ సీసా చుట్టూ తన చేతులతోనే సర్దింది. షాపాయన నవ్వి, "మా చిన్నాయన నెత్తురు కుల్ఫీ అయిపోతాది పిన్నీ," అన్నాడు. ఆమె కూడా నవ్విందట. పెట్టె మధ్యాహ్నం బస్సెక్కేదాకా అక్కడే నిలబడి, బస్సు కదిలాక ఇంటికి వచ్చింది.

రిపోర్టు నార్మల్ అని రావడంతో కంటి డాక్టరు కూడా వేరే దారి చూశాడు. రక్తంలో తేడా లేదంటే బీపీ వల్ల అయి ఉంటుందన్నాడు. దానికి మాత్రలు, ఎడమ కంటికి సూది, మళ్లీ కనపడమని ఒక తేదీ. చేతిలో ఉన్న కాగితాన్ని బట్టి ఆయన చేసింది సరైనదే. బావ మాత్రలు వేసుకుంటూ పని చేసుకున్నాడు. ముక్కు నుంచి నెత్తురు మళ్లీ కారింది. కానీ నెత్తురు నార్మల్ అని తెలిసింది కదా, ఈసారి ఎవరమూ భయపడలేదు.

ప్రతిష్ఠకు ఇంకా కొంత గడువు ఉందనగా ఒక పొద్దున బావ విగ్రహం కనుపాపలకు ఎర్రమట్టితో గుర్తు పెట్టుకోవడానికి కూర్చున్నాడు. నేను ముందురోజే అక్క ఇంటికి వచ్చి ఉన్నాను. టీ గ్లాసులు పట్టుకుని షెడ్డుకు వెళ్లేసరికి బావ విసుక్కుంటున్నాడు.

"షట్టరు ఎత్తమని ఎంతసేపు సెప్పాలప్పా మీకు?"

పనివాడు ఒకడు తల ఎత్తి చూసి నవ్వాడు. "ఎత్తే ఉండాది గదన్నా. పొద్దున్నే పరాచికాలా?"

 బావ చేతిలోని పుల్లను కింద పెట్టాడు. ఎండ ఆయన మోకాళ్ల దాకా వచ్చి పడి ఉంది. రెండు చేతులూ ఎత్తి, ఆ ఎండలో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఆ తర్వాత నన్ను పిలిచాడు. నేను ఎదురుగానే ఉన్నాను.

"బామ్మర్దీ, మీ అక్కకు ఇప్పుడే సెప్పొద్దు," అన్నాడు.

కానీ నా వెనకనే అక్క పళ్లెంతో వస్తోంది. ఆమెకు చెప్పవలసిన అవసరం రాలేదు.

కర్నూలులో ఒక ఆసుపత్రిలో చేర్చాం. అక్కడి డాక్టరు బావ వేళ్లు చూశాడు, ముక్కు సంగతి అడిగాడు. నంద్యాల రిపోర్టు చూపిస్తే పక్కన పెట్టి, మళ్లీ తీద్దామన్నాడు. నెత్తురు తీసే ఆయన ఫ్లాస్కులో వేడినీళ్లు పట్టుకుని వచ్చాడు. సిరంజిని ముందు కవరుతోనే ఆ నీళ్లలో ముంచి వెచ్చబరిచాడు. తీసిన సీసాను మా అక్క అరచేతిలో పెట్టి, వేళ్లు మూసి, "గట్టిగా పట్టుకోమ్మా, సల్లబడనియ్యొద్దు. లాబు దాకా నువ్వే తీసుకురా," అన్నాడు. ఫ్లాస్కు ఉండి కూడా ఆమె చేతికి ఎందుకిచ్చాడో నాకు తెలియదు. ఏదో ఒక పని చేతికిస్తే ఏడవదనుకున్నాడేమో. అక్క ఆ సీసాను గుప్పిట్లో పెట్టుకుని, ఆ గుప్పిటను ఇంకో చేత్తో మూసి, వరండా పొడుగునా నడిచింది. ఎదురు వచ్చినవాళ్లు ఆమె ఏదో మొక్కుకుంటోందనుకుని పక్కకు తప్పుకున్నారు.

ఆ రిపోర్టులో చిక్కదనం హద్దులు దాటి ఎక్కడికో పోయింది. మర్నాడు ఆ లాబాయన మమ్మల్ని పిలిచి రెండు సీసాలు చూపించాడు. రెండింట్లోనూ బావ నెత్తురు పైన తేలిన పసుపు నీరే. ఒకటి వెచ్చగా ఉంచింది, కదిలిస్తే కదులుతోంది. రెండోది రాత్రంతా ఫ్రిజ్జులో పెట్టింది. అందులో అడుగున తెల్లగా, ముద్దగా పేరుకుని ఉంది. దాన్ని ఆయన అరచేతుల మధ్య పెట్టుకుని నెమ్మదిగా దొర్లించాడు. చూస్తుండగానే అది కరిగి, ఏమీ ఎరగనట్టు మళ్లీ నీరైంది.

డాక్టరు విడమరిచి చెప్పాడు. బావ ఒంట్లో ఒక రకం మాంసకృత్తు అవసరానికి మించి తయారవుతోంది. చిక్కదనమంతా దానిదే. ఒంటి వేడికి కరిగి ఉంటుంది, చల్లబడితే పేరుకుంటుంది. నీళ్లు తగిలితే వేళ్లు నీలమైంది అందుకే.

"మొదటిసారి సీసా ఐసులో పోయిందా?" అని అడిగాడు.

పోయిందన్నాను.

"అయితే ఆ పదార్థం దారిలోనే పేరుకుని, గడ్డతో పాటు అడుగున ఉండిపోయి ఉంటుంది. పైన మిగిలిన నీరు పల్చగానే ఉంటుంది. యంత్రం ఆ నీటిని సరిగ్గానే కొలిచి ఉంటుంది."

"ఉంటుంది అంటే, అదే జరిగినట్టా?"

"జరిగి ఉండవచ్చు. ఆ సీసా ఉంటే చూసి చెప్పేవాణ్ణి."

బావ నెత్తురులోని ఆ నీటిని తీసి వేరే ఎక్కించే వైద్యం మొదలుపెట్టారు. ముక్కు నుంచి కారడం ఆగింది. వేళ్లు తేటపడ్డాయి. ఒంట్లో నీరసం తగ్గి, మంచం మీద లేచి కూర్చుని పక్క మంచాల వాళ్లతో పరాచికాలాడటం మొదలుపెట్టాడు. కళ్లు మాత్రం తిరిగి రాలేదు. కుడి కంటికి వెలుగు ఎటు ఉందో తెలుస్తుంది. అంతే.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం, వార్డు బయట అరుగు మీద అక్కా నేనూ కూర్చున్నాం. లాబులో సీసాలు చూసినప్పటి నుంచీ ఆమె మాట్లాడటం తగ్గించింది. ముందు ఉన్న టీ చల్లారిపోయింది.

"నెయ్యి మాదిరే ఉండె," అంది.

"ఏది?"

"ఆ సీసాలోది. సలికాలం నెయ్యి అడుగున పేరుకుంటాది సూడు, అట్ల. పైన నూనె తేరుకుంటాది. గిన్నె వంచితే పైదే పోతాది, అసలుది కిందనే ఉంటాది." గ్లాసును పక్కకు జరిపింది. "ఆ పొద్దు ఐసు సాలదని నేనే తెచ్చి ఏసినా అబ్బీ."

"నువ్వు వేయకపోయినా షాపాయన వేసేవాడే అక్కా. వేసే ఉన్నాడు కూడా. అదంతా వాళ్ల పద్ధతి."

"ఏసినాడు. కరిగిపోయినాది గదా. కరిగిపోతాంటే నేను పోయి మళ్లా తెచ్చినా."

 ఇన్నేళ్లు మాటలతో బతికినవాణ్ణి, అక్కడ మాత్రం టీ గ్లాసులు తీసుకుని కడగడానికి లేచాను. నేను తిరిగి వచ్చేసరికి ఆమె తన అరచేతులు చూసుకుంటోంది.

నంద్యాల వచ్చాక నేను లాబుకు వెళ్లాను. తగాదాకు పోలేదు. ఏం జరిగిందో తెలుసుకోవాలనిపించింది. యజమాని డాక్టరు అంతా విని, తల పట్టుకుని కూర్చున్నాడు. వచ్చిన సీసా వచ్చినట్టు యంత్రంలో పెట్టామని, చిక్కదనం పరీక్షకు విడిగా వెచ్చగా పంపాలన్న సంగతి తమ లెక్కలోనే లేదని ఒప్పుకున్నాడు. పాత సీసాలన్నీ కొద్దిరోజులు ఉంచి పారేస్తారు. బావది ఎప్పుడో పోయింది. పరీక్షలు చేసే ఆమె నన్ను లోపలికి పిలిచి కుర్చీ వేసింది. పాత తొట్టి ఒక మూల ఉంది. అందులో ఇప్పుడు చేతి తొడుగుల డబ్బాలు పెట్టుకున్నారు.

"ఈ తొట్టి పక్కనే కూసోబెట్టి తీయాలని మాకు నేర్పించినారన్నా. సిరంజి గూడా వేన్నీళ్లలో ముంచి తీసేవాళ్లం. ఎందుకని నేను అడగలే, నేర్పించినాయన సెప్పలే. మిషను వచ్చినాక, అదే వేడి చేసుకుంటాది గదా, ఇంకెందుకులే అనుకున్న్యాం." ఆమె తొట్టి అంచు మీది దుమ్ము వేలితో తుడిచింది. "నా చేత్తో ఆ సీసా యంత్రంలో పెట్టింటా. పెట్టింటా గానీ గుర్తుకు రాదు. రోజుకు అన్ని పెడతాం."

ఇప్పుడు ఆ లాబువాళ్లు చిక్కదనం పరీక్షకు మాత్రం పేషెంటును నంద్యాలకే రమ్మంటున్నారు. ఆళ్లగడ్డ షాపాయన నాకు కనపడినప్పుడల్లా బావ ఎలా ఉన్నాడని అడుగుతాడు. అక్కను మాత్రం ఎదుర్కోలేక, ఆమె వస్తుంటే లోపలి గదిలోకి పోతాడు. పెట్టె ఇప్పటికీ మధ్యాహ్నం బస్సుకే వెళుతుంది.

ముహూర్తం దాటిపోయింది. గుడివాళ్లు ఆ రోజుకు గర్భగుడిలో స్వామి పటం పెట్టుకుని పూజ చేసుకున్నారు. వానలు మొదలయ్యాక వాళ్లలో ముగ్గురు పెద్దమనుషులు, అహోబిలం పండితుడూ కలిసి షెడ్డుకు వచ్చారు. బావ పీట మీదే కూర్చుని ఉన్నాడు, విగ్రహానికి ఎదురుగా, ఎప్పటిలాగే.

"ఏం శిల్పన్నా, ఎట్లుండావ్?" అన్నాడు ఒకాయన.

"నాకేం, బాగుండా. మీ గొంతును బట్టి సూస్తే నువ్వే సన్నబడినట్టుండావ్."

అందరూ కాస్త నవ్వారు. తర్వాత ఆయనే సూటిగా విషయానికి వచ్చాడు. "సూడప్పా, నిన్ను తొందర పెట్టేకి రాలే మేము. పటం పెట్టుకోని ఎన్నాళ్లుంటాం? అట్లని కండ్లు లేని సామిని తీసుకపోయి పెట్టుకోలేం గదా. పక్క షెడ్డాయన తెరుస్తానంటాండాడు. ఒట్టిగనే చేస్తాడంట, నీ మీద గౌరవంతో."

బావ పండితుడి గొంతు ఉన్న వైపు తిరిగాడు. "మీరేమంటారు స్వామీ?"

"చెక్కిన శిల్పి అశక్తుడైతే ఆయన అనుమతితో ఇంకొకరు చేయవచ్చు. దోషం లేదు. అనుమతి మాత్రం నీ నోటితో ఇవ్వాలి," అన్నాడు పండితుడు.

 రేకుల మీద వాన మొదలైంది. బావ లేచి, చెయ్యి ముందుకు చాచి, రెండడుగులు వేసి విగ్రహం మొహం అందుకున్నాడు. ముక్కు, పెదవులు, కోరలు, అన్నీ తడిమాడు. బొటనవేళ్లు కళ్ల మీదికి వచ్చి ఆగాయి. అక్కడ ఇంకా రెండు నున్నటి ఉబ్బులే.

"గీత నేను లాగగలను," అన్నాడు. "సెయ్యికి తెలుసు. తప్పు పోదు. కానీ లాగినాక ఈ సామి సూస్తాండాడో లేదో నేను సూసుకోవాల గదా. అది సూడకుండా మీకు ఎట్ల అప్పజెప్పేది?"

"అయితే వేరేవాళ్లకు అనుమతి ఇస్తావా?"

 బావ ఇస్తాననలేదు, ఇవ్వననలేదు. "టీ తాగిపోండి, వాన పడతాంది," అన్నాడు. అక్క టీ తెచ్చింది. బావ గ్లాసును తన చేతుల్లో కాసేపు అలాగే పట్టుకుని వేడి చూసి, అప్పుడు ఆయన చేతికి ఇచ్చింది. వాన తగ్గాక వాళ్లు వెళ్లిపోయారు.

నేను ఈ మాటలు రాస్తున్న నాటికి గుడివాళ్లు మళ్లీ రాలేదు. కబురూ లేదు. బావ పొద్దున్నే షెడ్డుకు పోయి పీట మీద కూర్చుంటాడు, పనివాళ్లు ఆయన్ని అడిగి పనిచేస్తారు. నరసింహస్వామి మీద గోనెపట్టా కప్పి ఉంది. దాన్ని తీసి దుమ్ము దులిపి మళ్లీ కప్పేది అక్కే. ఆ కళ్లు ఎవరు తెరుస్తారో ఇంతవరకు తేలలేదు.